ఏ అయ్యగారు?

మొన్న మా కోడలు బీరువాలో పాత చీరల మధ్య కలరా ఉండలు వేస్తుంటే ఆ ఘాటు ముక్కుకి తగిలి, చేటలో బియ్యం అలాగే వదిలేసి కూర్చుండిపోయాను. ఆ వాసన నాకు చీరలది కాదు, నల్లకోటుది. ఏలూరులో పీపీ గారింట్లో ముందుగది తలుపు వెనక మేకుకి వేలాడేది ఆ కోటు. మా అమ్మ ఆ ఇంట్లో వంట చేసేది, వెనక వసారాలో మేమిద్దరం ఉండేవాళ్ళం. నేను ఐదో తరగతితో చదువు ఆపేసిన ఏడాది అది.

పీపీ అంటే సర్కారు తరఫున వాదించే ప్లీడరు. ఆవిడని మేం అమ్మగారనేవాళ్ళం. భర్తతో తెగతెంపులు చేసుకుని, కూతురు లలితని ఒక్కరే పెంచుకునేవారు. పొద్దున్నే తడిజుట్టు ముడేసుకుని, రిబ్బను పళ్ళ మధ్య పట్టుకుని లలితకి జడ అల్లుతూ, ఒళ్ళో కాగితాలు చదువుకునేవారు. లలితదీ నాదీ ఒకటే ఈడు. ఎండాకాలం వస్తే గేటు దగ్గరికి ముంజల బండి వచ్చేది, కొల్లేరు నుంచి గంపలో కొరమేనులు తెచ్చే ఆవిడ వచ్చేది, ఆవకాయకి ముక్కలు కొట్టించడానికి అమ్మ వెంట మేమిద్దరం బజారుకి పరిగెత్తేవాళ్ళం.

ఆ ఏడాది ఇవేవీ లేవు. ఆకివీడు పక్క చేపల చెరువుకి కాపలా ఉండే ఏసుపాదం, తూము దగ్గర నీళ్ళలో శవమై తేలాడు. అక్కడి మా పేటవాడే, మా చర్చివాడే. చంపాడని చెరువు ఆసామి మీద కేసు పెట్టారు, ఆ కేసు అమ్మగారికి వచ్చింది. ఒకరోజు ఆసామి తాలూకు మనిషి స్కూటరు మీద వచ్చి, గేటు పట్టుకుని, "పాప ఏ బడికెళ్తుందండీ? ఒక్కత్తే వెళ్తుందాండీ?" అని ఎంతో మర్యాదగా అడిగి వెళ్ళాడు. ఆ మర్యాదకే అమ్మగారు గేటు మూసి గొళ్ళెం పెట్టేశారు. ఆ సాయంత్రం నుంచి వీధి తలుపుకి తాళం, కిటికీలకి గడియలు. కేసు గెలిచి ఆసామి జైలుకెళ్తేగాని తలుపులు తెరుచుకోవని మాకు అర్థమైంది.

చెక్క కిటికీల వెనక ఉక్కపోత, చెమటకి వీపున చీటిపేలు, మూసిన వంటింట్లోంచి పోపు పొగ ఎటూ పోలేక అన్ని గదులూ తిరిగేది. అష్టాచెమ్మా ఆడీ ఆడీ గవ్వలంటేనే విసుగొచ్చింది. చివరికి లలిత కోర్టాట కనిపెట్టింది. నల్లకోటు మోకాళ్ళ దాకా వేలాడేసుకుని, వాళ్ళమ్మ ఫైల్లోంచి ఒక కాగితం లాగింది. ఏసుపాదం పెళ్ళాం దీనమ్మ పోలీసులకి చెప్పింది, వాళ్ళు రాసుకుంది, కింద ఆవిడ వేలిముద్ర.

"సాక్షీ! నీ మొగుణ్ణి ఆరోజు పిలిచిందెవరు?"

"అయ్యగారండీ," అన్నాను కాగితంలో ఉన్న మాటే చదివి, కొంగులేని భుజం మీద కొంగు సర్దుకుంటూ.

"అంటే చెరువు ఆసామేగా? ఇక్కడ పక్కనే ఆయన పేరు రాశారు."

"ఛీ, ఆయన అయ్యగారేంటే! ఆయన్ని మావాళ్ళు ఆసామి అంటారు. అయ్యగారంటే చర్చిలో వాక్యం చెప్పే అయ్యగారు. పాస్టరు గారు!"

గుమ్మంలో అమ్మగారు నిలబడి ఉన్నారు, చెప్పులు చేత్తో పట్టుకుని.

"సువార్తా, మళ్ళీ చెప్పు."

వంటింట్లోంచి అమ్మ గరిటెతో పాటు వచ్చేసింది. "చిన్నపిల్లండీ, నోటికొచ్చింది వాగుద్ది!" అని నా జబ్బ మీద గట్టిగా గిల్లింది. ఏసుపాదం మనవాడు, నోరు ముయ్యవే అని ఆ గిల్లుడుకి అర్థం. నేను మళ్ళీ చెప్పాను. అమ్మగారు కోటూ విప్పించలేదు, కాగితమూ లాక్కోలేదు. లలిత వంక చూశారు, తలుపు గడియ వంక చూశారు, అలాగే కుర్చీలో కూలబడ్డారు. కేసులో ఆసామిని ఆ చెరువు గట్టు మీదికి తెచ్చింది, పోలీసులు ఆయనేననుకుని రాసుకున్న 'అయ్యగారు' అన్న ఆ ఒక్క మాటే.

నల్లజర్లలో పుట్టింట ఉన్న దీనమ్మని పిలిపించి, "ఏ అయ్యగారమ్మా?" అని అడిగారు. "మా అయ్యగారేనండీ, ఇంకెవరు? చర్చి మీటింగులకి పందిట్లో బల్లలు మొయ్యడానికి పిలిచారు," అంది దీనమ్మ. ఆ పాస్టరు గారు బదిలీ మీద వేరే ఊరెళ్ళిపోయారు. ఆయన్ని వెతికిస్తే, ఏసుపాదం మధ్యాహ్నం మా దగ్గరే భోంచేసి గట్టు దారిన వెళ్ళాడమ్మా అన్నారట. కాలు జారాడో, ఎవరు తోశారో, ఇప్పటికీ తెలీదు. అమ్మగారు ఆ మాటే కోర్టులో చెప్పేశారు.

ఆసామి విడుదలైన రోజు మా గేటు ముందే టపాకాయలు కాల్చారు. ఆ పొగలోనే అమ్మగారు ఒక్కో కిటికీ తెరుచుకుంటూ వచ్చారు. వీధి తలుపు తీసేసరికి మెట్ల మీద దీనమ్మ కూర్చుని ఉంది.

"మీరూ ఆళ్ళ మనిషేనామ్మా? తలుపులు తీసుకోడానికి నా మొగుణ్ణి అమ్మేశారా?"

"నువ్వు చెప్పిందే చెప్పానమ్మా."

"అందరూ ఆసామే అన్నారు. మీకొక్కరికే ఆ అనుమానం ఎలాగొచ్చింది? నన్ను అడగమని మీకు చెప్పిందెవరు?"

నేను తలుపు వెనకే ఉన్నాను. అమ్మగారు ఒక్కసారైనా నా వైపు తల తిప్పలేదు. దీనమ్మ కళ్ళలోకే చూస్తూ, "నాకే తట్టిందమ్మా," అన్నారు. దీనమ్మ కాండ్రించి మెట్టు మీద ఉమ్మి వెళ్ళిపోయింది. ఆ మెట్టు అమ్మగారే కడిగారు, మా అమ్మని చెయ్యి పెట్టనివ్వలేదు.

ఆ ఇల్లు ఇప్పుడు లేదు, రక్తపరీక్షల ల్యాబు కట్టారు. ముంజల బండి ఆ వీధిలోకి రాదు, అమ్మగారు పోయి చాలాకాలమైంది. లలిత అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది గాని, ఆ ఎండాకాలం ఊసు ఇద్దరం ఎత్తం. దీనమ్మత్త మాత్రం ఉంది. ఏటా మీటింగులకి ఆకివీడు వెళ్తే పందిట్లో కనపడుతుంది. "పీపీ ఇంట్లో పెరిగినా నువ్వు మనదానివేనే సువార్తా, ఇలా రా," అని చాప మీద జరిగి చోటిస్తుంది.

వెళ్ళి పక్కనే కూర్చుంటాను.