తుపాకికి పూసిన గంధం

మా మామగారికి లైసెన్సున్న రివాల్వరు ఒకటి ఉండేది. తమిళనాట కోవిల్‌పట్టికి పోయే బండిదారిలో మా ఊరు. పత్తి ఇల్లు చేరిన నెలల్లో దొంగల భయమని, ఆయన దాన్ని ఎప్పుడూ తూటాలతోనే ఉంచేవారు. నాకు దొంగలకంటే అదంటేనే భయం. అది ఉన్న పెట్టెకు కొంగు తగిలినా ఒళ్ళు జల్లుమనేది.

ఆయుధపూజనాడు మాత్రం దాన్ని ముట్టుకోవలసింది నేనే. మామగారు తూటాలు తీసి ఇచ్చేవారు. కొడవళ్ళతో, గొడ్డళ్ళతోపాటు దాన్నీ మంచినూనెతో తుడిచి, గంధం పూసి, కుంకుమ పెట్టేదాన్ని. నాది కాస్త ధారాళమైన చెయ్యి. పూజలో పెట్టిన గంధాన్ని తుడవకూడదు, తనంతట అదే రాలాలి అన్నది మా ఇంటి ఆచారం. కొడవలికైతే పనిలో రాలిపోతుంది. పెట్టెలో పడుకునే తుపాకికి ఎలా రాలుతుంది? అయిదేళ్ళపాటు ఈ సంగతి ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు, నాకూ తట్టలేదు.

ఒక మధ్యాహ్నం వాకిట్లోకి పిచ్చికుక్క వచ్చింది. అరుపులు విని నేను వంటింట్లోంచి పరుగెత్తేసరికి అది కంచె దూకి పోయింది. మామగారు అరుగుమీద తుపాకి పట్టుకుని నిలబడి ఉన్నారు. నాలుగేళ్ళ నా కూతురు పత్తికట్టెల కుప్ప పక్కన మట్టితో ఆడుకుంటోంది. ఎత్తుకుని లోపలికి తెచ్చాను.

"పేలలే," అన్నారు మామగారు. నొక్కిన మీట వెనక్కి రాలేదు. తూటాను కొట్టే సుత్తి సగం లేచి అక్కడే ఆగిపోయింది. తూటాల చక్రం తిరగదు, తెరుచుకోదు. లోపల ఆరు తూటాలు. సుత్తి ఎప్పుడు జారిపడినా పేలుతుంది.

ఆయన దాన్ని నడిమింట్లో పత్తి మూటమీద మెల్లగా పెట్టి, గొట్టాన్ని గోడవైపు ఉంచారు. గోడకు ఇవతల నా పొయ్యి.

"మామా, ఈ పక్క నేనుండాను గదా?"

"ఇంక దాన్ని ఎవురూ ముట్టొద్దమ్మా. కదిపితే సుత్తి పడిపోతాది."

దాన్ని మరమ్మతుకు బండిలో తీసుకుపోవడానికి అందుకే వీల్లేకపోయింది. విరుదునగర్‌లో కుట్టుమిషన్లు, తాళాలు బాగుచేసే మనిషిని పిలుచుకు రావడానికి నా భర్త రైలెక్కారు. ఆ మూడు రోజులూ నేను తాలింపు పెట్టలేదు. ఆవాలు చిటపటమంటే నా ప్రాణం పోయేలా ఉండేది. మామగారు ముద్ద ముట్టకుండా లేచిపోతుంటే నామీద కోపమేమో అనుకున్నాను. తుపాకి సందుల్లో పచ్చగా గడ్డకట్టింది ఏమిటో నాకు తెలుసు. అది పేలి ఎవరైనా పోతే ఆ పాపం నాదేనని తెలుసు. చెప్పడానికి నోరు రాలేదు.

మూడో రోజు ఆ మనిషి వచ్చాడు. మన తెలుగు మాట్లాడేవాడే. అందరినీ వాకిట్లోకి పంపేశాడు. మామగారు కదలలేదు, నేను గడప దాటలేదు. అతను తన చెప్పు అంచు కోసి, ఆ తోలుముక్కను సుత్తి కింద దూర్చాడు. కోడి ఈకతో కిరసనాయిలు బొట్టుబొట్టుగా వేశాడు. అది సందుల్లోకి ఇంకేదాకా కూర్చున్నాడు. తర్వాత చీపురుపుల్లతో సందులు గీకాడు.

టక్కుమంది. నేను గడపమీదే కూలబడ్డాను. సుత్తి తోలుమీద పడింది, అంతే. అతను తుపాకిని తెరిచి, ఆరు తూటాలూ చేటలో పెట్టాడు. అప్పుడు అరచేతిలోని పెచ్చులు చూపించి, "సక్రం తిరగనీకుండా ఇదే పట్టుకోనుండాది సామీ. దీనికి సందనం ఎవురు పూసింది?" అన్నాడు.

"నేనే. ఏటేటా పూస్తుండా. తప్పు నాదే మామా," అని ఏడ్చేశాను.

మామగారు నావైపు చూడలేదు. వాకిట్లో పత్తికట్టెల కుప్పవైపు చూస్తున్నారు.

"కుక్క ఎనకాల పాప ఉండిందమ్మా," అన్నారు. "నొక్కినంక చూసినా."

మూడు రోజులు ఆయన ఆ మాట మింగుకుని తిరిగారు.

"బాగా కడిగి నూనేసి ఇయ్యనా సామీ?" అని అడిగాడు ఆ మనిషి.

"వొద్దు. తూటాలు మాత్రం నువ్వే ఎత్తుకోనిపోయి ఠాణాలో ఇచ్చేయి."

మరుసటి ఆయుధపూజకు మామగారే తుపాకిని తెచ్చి నా ముందు పెట్టారు. భయంభయంగా గోటితో ఇంత గంధం తీశాను.

"ఏల అంత కొంచెం?" అన్నారు. "బాగా పుయ్యమ్మా."