అత్తగారి అద్దం

బొంతలు కుట్టే ఆమెకు, నమూనా గుడ్డమీదికి ఎక్కించుకోవడానికి లైటుపెట్టె కావలసివచ్చింది. కొనడమెందుకని, గోడమీదున్న పోయిన అత్తగారి ఫోటోకి అద్దం ఊడదీసి, రెండు పీటలమీద పరిచి, కింద బల్బు వెలిగించింది. అద్దంమీద తను గీసుకున్న లతల కాగితం, దానిపైన తెల్లగుడ్డ వేసి, కనిపించిన గీతవెంటే పెన్సిల్ నడిపింది.

గుడ్డ ఎత్తి కాగితంతో పోల్చి చూసింది. కాగితంమీద లత ఎప్పటిలాగే మూలలో వంకరపోయింది. గుడ్డమీద మాత్రం తిన్నగా ఉంది.

"మూల వంకరే పిల్లా, మళ్లీ గియ్యి" అంటూ బతికున్నన్నాళ్లూ అత్తగారు ఈమె ప్రాణాలు తోడేసేవారు.

"చచ్చినా వదలరా అత్తయ్యా!" అని పైకి విసుక్కుంటూ ఫోటోవైపు తిరిగింది.

ఫోటోలో, ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చున్న అత్తగారి చూపుడువేలికి పెన్సిల్ నలుపు అంటుకుని ఉంది.