నాన్న లాగిన బొటనవేలు

దయ్యాల మాటెత్తితే నాకు నవ్వొస్తుంది. బతుకంతా కరెంటు లైన్‌మన్‌గా చేసినవాణ్ణి. తీగలో కరెంటు ఉందో లేదో టెస్టర్ పెట్టి చూడందే ఎవరు చెప్పినా నమ్మను. అలాంటివాణ్ణి ఇది రాయడం నాకే ఎబ్బెట్టుగా ఉంది.

రెండువేల ఆరేడు ప్రాంతంలో ప్రోస్టేట్ గ్రంథి వాచి నాకు మూత్రం పూర్తిగా ఆగిపోయింది. తాడేపల్లిగూడెంలో గొట్టం వేసి ఏలూరు వెళ్లమన్నారు. అక్కడి డాక్టరుగారు లేజర్‌తో అడ్డం తీసేద్దాం, కోత ఉండదన్నారు. అయినా చావు భయం పట్టుకుంది. మా నాన్న పోయింది ఈ జబ్బుతోనే. కొల్లేరు పొంగిన రోజుల్లో, మా లంక నుంచి దోనెలో ఏలూరు చేర్చేసరికి ఆలస్యమైపోయింది.

చిన్నప్పుడు నాన్న నన్ను చేపల వేటకు తీసుకెళ్లేవాడు. నీళ్ల మీదకి వెళ్లే మనిషిని పేరు పెట్టి లేపకూడదని మా ఇంట్లో పట్టింపు. అందుకని నా ఎడమకాలి బొటనవేలు లాగేవాడు. ఒకసారి లాగితే లేచి రమ్మని. రెండుసార్లు లాగితే గాలి బాగోలేదు, ఇవాళ నువ్వు రావద్దు, పడుకోమని. తను మాత్రం వెళ్లేవాడు. ఈ సంగతి మా ఇద్దరికే తెలుసు.

ఆపరేషన్ పట్టపగలే జరిగింది. వెన్నుకి ఇంజక్షన్ ఇచ్చి, మత్తు డాక్టరుగారు కాళ్ల మీద సూదితో గుచ్చి చూశారు. నాకేమీ తెలియలేదు. నడుము కింద లైన్ ఆఫ్ చేసినట్టే ఉంది.

కాసేపటికి ఒళ్లు చల్లబడింది. మాటలు దూరమైపోయాయి. బీపీ పడిపోతోందని ఎవరో అంటున్నారు. ఇక అయిపోయింది, నా భార్యతో సరిగ్గా ఒక మాటైనా చెప్పి రాలేదే అని ఏడుపొచ్చింది.

అప్పుడు నా ఎడమకాలి బొటనవేలు ఎవరో లాగారు. గరుకు చెయ్యి. వచ్చేస్తున్నాను నాన్నా అనుకున్నాను.

మళ్లీ లాగారు.

కళ్లు తెరిచాను. "నా వేలు లాగిందెవరండీ?" అనడిగాను.

"ఎవరూ ముట్టుకోలేదండీ. అయినా మీకు కాళ్లు తెలియవు కదండీ," అంటూ మత్తు డాక్టరుగారు మళ్లీ గుచ్చి చూశారు. నిజమే, తెలియలేదు.

గొట్టం తీశాక మూత్రం ధారగా వచ్చింది. ఆ సంతోషంలో నా భార్యకి అంతా చెప్పేశాను. మత్తు మహిమ అంది. డాక్టరుగారూ అదే అన్నారు. అయ్యుండొచ్చు. కానీ ఆ మత్తు ఒక్కసారి లాగి ఊరుకోకుండా రెండోసారి ఎందుకు లాగిందో ఈరోజుకీ నాకు తెలియదు.

దోమలు కుడతాయని ఆవిడ ఎంత కసిరినా, ఎడమకాలు మాత్రం దుప్పటి బయటే పెట్టుకుని పడుకుంటాను.