గొంగడి కప్పినా ఆగని ఫ్యాను

శ్మశానంలో చాప వేసుకుని పడుకున్నాను. సమాధి మీద కూర్చుని అన్నం తిన్నాను. రాహుకాలం చూసి మరీ అమావాస్యనాడు పెళ్లి చేసుకున్నాను. గొప్ప కోసం చెప్పడం లేదు. ఇది చదివి, “చివరికి ఈయన కూడా ఒప్పుకున్నాడు” అని చంకలు గుద్దుకోబోయే మంత్రగాళ్లకు ముందే చెబుతున్నాను. నేను ఏదీ ఒప్పుకోలేదు. దయ్యం లేదు. చేతబడి లేదు. ఒక మధ్యాహ్నం నా కళ్లెదుట జరిగిన సంగతికి మాత్రం నా దగ్గర జవాబు లేదు.

తొంభైల మొదట్లో నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఊరూరా తిరిగి మూఢనమ్మకాలకు వ్యతిరేకంగా ప్రచారం చేసేవాళ్లం. మేమంటే నేను, వ్యాను నడిపే యూసుఫ్. ఆ పాత వ్యానే మాకు ఇల్లు. వెనక పడుకోవడానికి రెండు చెక్క బల్లలు, ఒక కిరోసిన్ స్టవ్వు, నీళ్ల డ్రమ్ము, పుస్తకాలు, మైకు సెట్టు ఉండేవి.

మొదట్లో మైకుకు ఊళ్లోనే కరెంటు అడుక్కునేవాళ్లం. మా మాటలు రుచించని పెద్దమనుషులు సభ మధ్యలో ఫ్యూజు పీకించేవారు. బ్యాటరీ మీద నడిపితే రెండో ఊరికే అది నీరసపడేది. అందుకే వ్యాను పైకప్పు మీద ఒక సోలార్ పలక బిగించాం. ఎండ పడితే అందులో కరెంటు పుడుతుంది. అది ఛార్జర్ డబ్బా గుండా బ్యాటరీలోకి పోతుంది. బ్యాటరీ నిండాక ఇక చాలని డబ్బాయే ఆపేస్తుంది. ఆ తరువాత మా నోరు మూయించడం ఎవరి తరమూ కాలేదు.

“గీ జిల్లాల ఏం పండకున్నా ఎండైతె పండుతది సారూ” అనేవాడు యూసుఫ్.

ఏ ఊరికి వెళ్లినా ముందు ఆ పలక చుట్టూ జనం మూగేవారు. “గది సూర్యుణ్ని గుంజుతాందట” అని గుసగుసలాడేవారు. ఆ కుతూహలాన్నే నేను పాఠంగా మార్చుకున్నాను. పలకను దించి నేల మీద ఎండకు పెట్టేవాళ్లం. ఛార్జర్, బ్యాటరీ వైర్లు విప్పేసి ఒక చిన్న ఫ్యానును నేరుగా పలకకే తగిలించేవాళ్లం. ఫ్యాను తిరిగేది. పలక మీద నల్ల గొంగడి కప్పితే ఆగేది. తీస్తే మళ్లీ తిరిగేది. ఎవరు కప్పినా ఆగేది. “కారణం తీసేస్తే ఫలితం ఉండదు, ఇందులో మంత్రమేమీ లేదు” అని చెప్పేవాణ్ని. నా ఉపన్యాసం కంటే ఆ ఫ్యానే జనానికి బాగా ఎక్కేది.

ఒక ఎండాకాలం కోస్గిలో మా సభకు యాదమ్మ అనే ఆమె చంకలో పసిబిడ్డతో వచ్చింది. దగ్గరి పల్లె ఆమెది. తన తల్లి బాలమ్మ బాణామతి చేస్తోందని ఊరు తీర్మానించిందట. బాణామతి అంటే మా వైపు చేతబడి. బాలమ్మ మొగుడు పోయిన మనిషి, కూలి చేసుకుని బతికేది. పక్కింటి అంజయ్య కడుపు ఉబ్బి చచ్చిపోయాడు. దవాఖానలో కామెర్లన్నారు. ఊరు మాత్రం బాలమ్మే కారణమంది.

బాణామతి చేసిందని నమ్మితే పళ్లు పీకుతారు. పళ్లు లేని నోట మంత్రం సరిగా పలకదని, పలకని మంత్రం పనిచేయదని వాళ్ల లెక్క. ప్రాణం తీయడం లేదు కాబట్టి అది తమ దయ అని కూడా అనుకుంటారు.

“రేపు పంచాయితి సారూ. మా అమ్మ పండ్లు పీకుతరంట” అంది యాదమ్మ. “మీరొచ్చి జర సమజ్‌జెయ్యుండ్రి. గా ఫ్యాను సూపెడితె ఇంటరు.”

వెళ్లాం. బడి ముందు ఖాళీ జాగాలో ఊరంతా కూర్చుంది. పంచాయితీకి పెద్ద పటేల్. ఆరోపణ చేస్తున్నది చనిపోయిన అంజయ్య తమ్ముడు నర్సింలు. బాలమ్మను ఒక పక్కన ఎండలో కూర్చోబెట్టారు.

“మీకు సదువొచ్చింది సారూ, మా ఇంట్లకు సావొచ్చింది” అన్నాడు నర్సింలు నన్ను చూడగానే.

“ఉండురా, సారు జెప్పేది ఇందాం” అన్నాడు పటేల్. “ఏం లేకున్నా జరంత ఫ్యాను గాలన్న తాకుతది.” అందరూ నవ్వారు. ఆ నవ్వు చూసి పని సగం అయిపోయిందనుకున్నాను.

పలక దించాం, వైర్లు విప్పాం, ఫ్యాను తగిలించాం. పటేల్‌ను పిలిచి గొంగడి కప్పమన్నాను. ఫ్యాను ఆగింది. నర్సింలును కప్పమన్నాను. ఆగింది. అప్పుడు బాలమ్మను పిలిచాను.

“ఈమె చేతుల్లో ఏదో ఉందంటున్నారు. మీరు కప్పితే ఏమైందో ఈమె కప్పినా అదే అవుతుంది. చూడండి” అన్నాను.

“నాకొద్దు సారూ. నీ సామాన్లు నేనెందుకు ముట్టాలె” అంది బాలమ్మ.

“ముట్టే అమ్మా, సారున్నడు గద” అంది యాదమ్మ.

బాలమ్మ గొంగడి అందుకుంది. పడుకున్న పిల్లకు కప్పినట్టు నాలుగు అంచులూ సర్ది కప్పింది.

ఫ్యాను ఆగలేదు.

మొదట నేను నవ్వాను. పాత వేగానికి తిరుగుతోంది, ఆగుతుందిలే అనుకున్నాను. అది నెమ్మదించను కూడా లేదు. రెక్కల చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది.

గాలి ఏమైనా వీస్తోందా అని చూశాను. యూసుఫ్ చేతిలోని బీడీ పొగ నిటారుగా లేస్తోంది. వేలితో రెక్కను ఆపాను. వేలు తీయగానే తిరిగింది. వైరు లాగేశాను, ఆగింది. తగిలించాను, తిరిగింది. బ్యాటరీ వ్యానులో ఉంది, దాని వైర్లు విడిగా వేలాడుతున్నాయి. అంచులు తడిమాను. పలకలో గోరంత భాగం కూడా బయటికి కనబడటం లేదు. గొంగడి తీయించి యూసుఫ్‌తో కప్పించాను. ఫ్యాను ఆగిపోయింది.

ఒక్కసారి జరిగినదాన్ని పట్టుకుని ఏదీ తేల్చకూడదు. ఏ పరీక్షకైనా అదే నియమం. అందుకని బాలమ్మతో మళ్లీ కప్పించాను. ఫ్యాను మళ్లీ తిరిగింది.

అప్పుడు ఆమె వైపు చూశాను. ఆమె ఫ్యానును చూడటం లేదు. తన అరచేతులు చూసుకుంటోంది.

“ఇగ జెప్పు సారూ. కారణమేంది?” అన్నాడు నర్సింలు.

వైరులో ఏదో లోపం ఉందన్నాను. ఒక ముసలాయన పకపకా నవ్వాడు. “గిప్పటిదాంక మంచిగుండె. గామె ముట్టంగనే ఖరాబైందా నీ మిషిని?”

తరువాత జరిగినదాన్ని ఆపడానికి మేమిద్దరం సరిపోలేదు. నన్నూ యూసుఫ్‌నూ ఈడ్చుకెళ్లి వ్యానులో పడేసి తలుపు బయటినుంచి పట్టుకున్నారు. అంతకుముందే ఎవడో లోపలికి దూరి మా పనిముట్ల పెట్టెలోంచి పట్టకారు తీసుకుపోయాడు. కేకలు విని పక్క ఊరివాళ్లయినా వస్తారేమోనని మైకు వైపు ఉరికాను. బ్యాటరీ వైర్లు మేమే విప్పేసి ఉన్నాం. తగిలించేలోగా ఇద్దరు లోపలికి దూరి మైకు సెట్టు కింద పడేసి తొక్కారు.

కిటికీకి అడ్డంగా మనుషులు నిలబడ్డారు. కనబడలేదు, వినబడింది. బాలమ్మ మమ్మల్ని పిలవలేదు. వాళ్లనే పిలిచింది. “నర్సింలూ, నిన్ను సంకనెత్తుకుంటిరా బిడ్డా. పటేలా, నీ చేన్ల కలుపు దీస్తి గదా.” కాసేపటికి అవి మాటలుగా లేకుండా పోయాయి. ఎవరో పక్కనుంచి, “గా వెనకది ఇడిసినవ్ రా, సూసి పీకు” అన్నారు, పొలంలో పని చెబుతున్నట్టు.

తలుపు తీశాక పటేల్ నాతో మర్యాదగానే మాట్లాడాడు. “దవాఖానకు తీస్కపోండ్రి సారూ. మేమేం సంపలే గద. ఇగ నోరు తిరుగది, ఆమెకు గూడ ఫికర్ లేదు, మాకు గూడ లేదు.”

మహబూబ్‌నగర్ దవాఖానకు తీసుకుపోయాం. ఠాణాలో ఫిర్యాదు ఇచ్చాను. పోలీసులు విచారణకు వెళితే ఆ ఊళ్లో ఎవరూ ఏమీ చూడలేదట.

ఆ పలకను, ఆ ఫ్యానును, ఆ గొంగడినే పెట్టి ఆ తరువాత ఎన్ని పరీక్షలు చేశానో చెప్పలేను. నేను కప్పాను, యూసుఫ్ కప్పాడు, దారిన పోయేవాళ్లతో కప్పించాను. ప్రతిసారీ ఆగింది. హైదరాబాదులో ఒక ఇంజనీరు మిత్రుడు అన్నీ విప్పి చూసి, ఏ లోపమూ లేదన్నాడు. నేను భ్రమపడ్డానేమో అనడిగాడు. యూసుఫ్ అయిదు పూటలా నమాజు చేస్తాడు, నాకు దేవుడే లేడు. ఇద్దరం చూసింది ఒకటే.

ఒక మాట మాత్రం నిలువునా కోసినా చెబుతాను. ఆ ఫ్యాను రోజులకు రోజులు తిరిగినా సరే, ఒక మనిషి నోట్లో పట్టకారు పెట్టే హక్కు ఎవరికీ రాదు. ఆమె చేతుల్లో నిజంగా ఏదో ఉండి ఉంటే, ఆ మధ్యాహ్నం వాళ్లలో ఒక్కడి చేయి అయినా ఆగి ఉండేది. ఒక్కడిదీ ఆగలేదు.

ఇదే మాట దవాఖానలో బాలమ్మకు చెప్పాను. ఆమె మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుంది. దవడలు వాచి ఉన్నాయి. యాదమ్మ బిడ్డను తెచ్చి ఒళ్లో పెట్టబోయింది. బాలమ్మ రెండు చేతులూ దుప్పటి కిందికి లాక్కుంది.

“నాకియ్యకు బిడ్డా” అంది. పళ్లు లేని నోట ఆ మాట అర్థం కావడానికి కొంత సమయం పట్టింది.

ఏదో లోపం వల్ల తిరిగి ఉంటుందని, ఎండకు వైర్లు వేడెక్కి ఉంటాయని, నాకు తోచిందల్లా చెప్పాను. ఆమె ఓపికగా విన్నది.

“నువ్వు రొండుసార్లు జేపించినవ్ గద సారూ” అంది.

ఆమె ఆ తరువాత చాలా ఏళ్లు బతికింది. మనవరాలిని మాత్రం ఒక్కనాడూ ఎత్తుకోలేదట. పిల్ల నడక నేర్చి, తానే ఉరికి వచ్చి కాళ్లను చుట్టుకుంటే, బాలమ్మ రెండు చేతులూ పైకెత్తి, ఎవరైనా వచ్చి పిల్లను తీసుకుపోయేదాకా అలాగే నిలబడేదట. అమ్మమ్మ ఎందుకట్ల చేస్తదని పిల్ల అడుగుతోందని, ఏం చెప్పమంటారని యాదమ్మ ఒకసారి నన్నడిగింది.