చెంబుకు చుట్టిన బొమ్మ

1946 ఆగస్టు 6, మంగళవారం ఉదయం ఏడుంబావుకు మదనపల్లెలో పుంగనూరు బస్సెక్కాను. మా టీచరమ్మ అరువిచ్చిన పాత అచ్చుబొమ్మను, దాని మీద నా వ్యాసాన్ని సాయంత్రం కుప్పంలో ఆమెకు అప్పగించాలి. గ్రీకు పాత్ర చుట్టూ ఉన్న శిల్పాలను పదిహేడో శతాబ్దంలో ఒక దొర రాగిరేకు మీద చెక్కి, పొడవుగా పరిచి అచ్చేసిన బొమ్మ అది. ఎడమ చివర స్త్రీ, కుడి చివర పురుషుడు, ఒకరికొకరు వీపుపెట్టి అంచుల బయటికి చేతులు చాపారు. ఎడబాటని పద్నాలుగు పేజీలు రాశాను.

పక్కసీటు ముసలామె తొంగిచూసింది.

“కడవ మీది బొమ్మను సాపలా యాల పరిసినారమ్మా?”

“తడుస్తుంది, ముట్టుకోకవ్వా” అనేలోపే దాన్ని తన నీళ్లచెంబుకు చుట్టేసింది.

“సూడు, ఇద్దరూ చేతులు కలపబోతాండారు.”

నిజమే. అంచులు కలిసి వాళ్లు ఎదురుపడ్డారు. అంతలో బస్సు కుదుపుకు చెంబు ఒలికింది. “ఏం కాదులే” అంటూ ఆమె కొంగుతో గట్టిగా తుడిచింది. కాగితం పీలికలైంది. ఆమె పుంగనూరులో దిగిపోయింది.

పోయినవి: తిరిగివ్వాల్సిన బొమ్మ, తప్పని తేలిన పద్నాలుగు పేజీలు, సరైన అర్థానికి నా దగ్గరున్న ఒకే ఒక్క సాక్ష్యం.