ఖాళీ ద్రావణంలో లేచిన పీక్

మా ల్యాబ్ కథ రాజమండ్రిలో ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెబుతారు. పొడి తిని చచ్చిపోయిన ఆవిడెవరో మిషన్ ముందు కుర్చీలో కూర్చునేదట. గాజుల చప్పుడట, మల్లెపూల వాసనట. అంతా చెత్త. అక్కడ ఎవరూ చావలేదు, ఎవరూ కూర్చోలేదు. వాసన వస్తే మిషన్‌లో వాడే మెథనాల్ స్పిరిట్ వాసన వచ్చేది, అంతే. నేను కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసినదాన్ని. దెయ్యాల్ని అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. నమ్మేవాళ్ళతో వాదన పెట్టుకుని పెళ్ళిభోజనాలు చల్లార్చుకున్న మనిషిని. కానీ జరిగినదాన్ని జరగలేదని మాత్రం అనలేను.

తొంభైల చివర్లో అక్కడొక చిన్న టెస్టింగ్ ల్యాబ్‌లో పనిచేసేదాన్ని. మందులు, టానిక్కులు, నూనెలు తయారుచేసేవాళ్ళు శాంపిళ్ళు పంపితే, వాటిలో ఏమేం కలిశాయో తేల్చి రిపోర్టు ఇవ్వడం మా పని. అందుకు హెచ్.పి.ఎల్.సి. అనే మిషన్ ఉండేది. పేరు చూసి కంగారుపడకండి. శాంపిల్‌ని ద్రావణంలో కరిగించి సిరంజితో ఎక్కిస్తాం. లోపల కాలమ్ అని ఒక స్టీలు గొట్టం ఉంటుంది. అందులోంచి ఒక్కో పదార్థం ఒక్కో నిమిషానికి బయటికొస్తుంది. వచ్చినప్పుడల్లా కాగితం మీద గీత కొండలా లేస్తుంది. అదే పీక్. ఏ నిమిషానికి లేచిందో చూసి అదేంటో చెబుతాం. అన్నిటికంటే ముందు ఏమీ కలపని ఉత్త ద్రావణం ఎక్కించి చూడటం పద్ధతి. అది బ్లాంక్. అందులో గీత చదునుగా ఉండాలి.

ఒకరోజు కీళ్ళనొప్పుల పొడి వచ్చింది. రావులపాలెం వైపు ఒకాయన తయారుచేసేది. డబ్బా నిండా వేర్ల బొమ్మలు. ఆత్రేయపురంలో ఉండే మా కాంతం పెద్దమ్మ రెండేళ్ళుగా తింటున్న పొడి అదే. తెచ్చిపెట్టేది ఎవరు? నేనే.

ఎనిమిదో నిమిషం దగ్గర ఇంతెత్తు పీక్ లేచింది. అనుమానమున్న మందుని అచ్చంగా విడిగా ఎక్కించి పోల్చి చూశాను. సందేహం లేదు. డెక్సామెథాసోన్, అంటే స్టెరాయిడ్. పెద్దమ్మ మొహం గుమ్మడికాయలా ఎందుకు ఉబ్బిందో, షుగర్ ఎందుకు ఎగబాకిందో, వేలితో నొక్కితేనే చర్మం ఎందుకు కమిలిపోతోందో అప్పుడర్థమైంది. "ఇంకేమైనా మందులు వాడుతున్నారా?" అని డాక్టరు అడిగినప్పుడల్లా మా ఇంటిల్లిపాదీ లేదండీ అన్నాం. మందంటే మాకు బిళ్ళ, సూది. పొడి మందెలా అవుతుంది, పొడి పొడే! ఇంత చదివిన నేను కూడా అలాగే అనుకున్నాను.

మా ఓనరు గారు బజ్జీ తిన్న చేతుల్తోనే చార్టు అందుకుని నాలుగు ముక్కలు చేశారు. "శాంపిల్ తేడా వచ్చినట్టుందమ్మా. ఆయన ఇంకో డబ్బా పంపుతారు, దానికి చెయ్యండి."

చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ మా ల్యాబ్‌లో ఇది కొత్త కాదు. పాసయ్యేదాకా చెయ్యడం, ఫెయిలైన చార్టులు చింపెయ్యడం. మధ్యాహ్నానికే కొత్త డబ్బా వచ్చింది. అందులో స్టెరాయిడ్ నిజంగానే లేదు. లేదని రాసి సంతకం పెట్టాను. ఎవరూ నా చెయ్యి పట్టుకుని పెట్టించలేదు. మర్నాడు సాయంత్రం ఆ కాగితం పోస్టులో వెళుతుంది, ఆయన దాన్ని ఫ్రేము కట్టి ప్రతి కొట్లో వేలాడదీస్తాడు, పెద్దమ్మలాంటివాళ్ళు ఇంకెందరో తింటారు. తెలిసే పెట్టాను.

మర్నాడు పొద్దున్న పదింటికి వేరే పనికోసం బ్లాంక్ ఎక్కించాను. ఎనిమిదో నిమిషంలో పీక్.

నిన్నటి శాంపిల్ లోపల అంటుకుని ఉంటుందని మీరంటారు. నేనూ అదే అనుకున్నాను. అంటుకున్నదైతే కడిగేకొద్దీ తగ్గాలి కదా? గంటసేపు మెథనాల్‌తో కడిగాను. ద్రావణం కొత్తగా కలిపాను. సీలు విప్పని కొత్త కాలమ్ బిగించాను. సిరంజి మార్చాను. ఐదుసార్లు ఎక్కిస్తే ఐదుసార్లూ అదే చోట, అదే ఎత్తు. చార్టులన్నీ ఒకదానిమీద ఒకటి పెట్టి కిటికీ వెలుతురుకి పడితే ఒకే గీతలా కనబడ్డాయి.

మా సీనియర్ మూర్తి గారిని పిలిచాను. ఆయన ఎక్కించారు. చదును.

"ఏంటి మేడమ్, పొద్దున్నే నాకు ప్రాక్టికల్సా?" అని నవ్వారు.

ఆయన చూస్తుండగా అదే సీసాలోంచి, అదే సిరంజితో నేను ఎక్కించాను. పీక్. ఆయన నవ్వు ఆగిపోయింది.

"ఓసారి చేతులు కడుక్కురండి."

మోచేతులదాకా సబ్బుతో రుద్ది కడుక్కుని గ్లవ్స్ వేసుకొచ్చాను. పీక్. మళ్ళీ ఆయన. చదును. చివరికి సిరంజి ఆయనే నింపి, ఆయనే మిషన్‌కి గుచ్చారు. నేను మీట తిప్పానంతే. పీక్.

నా చేతులంటే నాకే అసహ్యమేసింది. ఆ పూట చెంచాతో తిన్నాను.

సాయంత్రం పోస్టు ట్రేలోంచి కవరు తీసి రిపోర్టు చింపేశాను. మొదటి డబ్బాలో మిగిలిన పొడిని మళ్ళీ పరీక్ష చేశాం. ఈసారి ఎక్కించింది మూర్తి గారు, నేను ముట్టుకోలేదు. స్టెరాయిడ్ ఉంది. ఉందని రాసి, ఇద్దరం సంతకాలు పెట్టి, డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కి కూడా ఒక కాపీ పంపాం.

"ఉద్యోగం వద్దా అమ్మా మీకు?" అన్నారు ఓనరు గారు.

"మీ ఉద్యోగం కంపు కొడుతోందండి" అన్నాను.

పెద్దమ్మని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి అసలు సంగతి చెప్పాను. ఒక్కసారిగా మానేస్తే ప్రాణానికే ముప్పని ఆయన నెలల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించారు. పెద్దమ్మ మాత్రం నన్ను ఊరికే వదల్లేదు. "నడుస్తున్నదాన్ని కూలేశావు కదే! తెచ్చిందీ నువ్వే, వద్దన్నదీ నువ్వే. నీ చదువు తగలెయ్యా!" మోకాళ్ళనొప్పులు తిరగబెట్టాయి గానీ మనిషి బతికింది.

ఉద్యోగం మానేసేలోపు ఇంకో నెల పనిచేశాను. రోజూ బ్లాంక్ ఎక్కించేదాన్ని. రోజూ పీక్. తర్వాత కొన్నేళ్ళకి ఒక కాలేజీలో వేరే మిషన్ మీద, అదే రకం కాలమ్‌తో పిల్లలకి చూపించబోయి ఎక్కించాను. ఎనిమిదో నిమిషం. పిల్లలు నోట్సులో గీసుకుంటుంటే బయటికొచ్చేశాను.

మనసులో తప్పుచేసిన భయమంటారు కొందరు. మనసులో భయానికి కాగితం మీద గీత లేవదు. మూర్తి గారు ఇప్పటికీ ఏ కారణమూ చెప్పలేరు, నేనూ చెప్పలేను. రిపోర్టు చింపాను, నిజం రాశాను, ఉద్యోగం వదిలేశాను, పెద్దమ్మ బతికింది. మరి నా చేతికి ఇంకా అంటుకుని ఉన్నదేంటి?