మన భాషలోనే రాయాలి

మూసాపేటలో బస్సు దిగే చోటికి దగ్గర్లో ఒక పఠన మందిరం ఉండేది. మందిరం అంటే పెద్దగా ఊహించుకోవద్దు. ఫ్యాక్టరీలో పనిచేసే కొందరు కలిసి కిరాయికి తీసుకున్న ఒక గది, ఒక బల్ల, రెండు బెంచీలు, నిన్నటి పేపర్లు. అది డెబ్బైల మొదలు. నేను నగరంలో కాలేజీ చదువుతున్నాను. మా ఊరు మాదాపూర్ అవతల బండల మధ్య ఉండేది, అటు బస్సు లేదు. మూసాపేటలో దిగి, ఫ్యాక్టరీలో మా నాయిన షిఫ్టు అయ్యేదాకా ఆ గదిలో కూర్చుని, ఆయన సైకిలు మీద వెనక ఎక్కి ఇంటికి పోయేదాన్ని. ఆ బండల్ని ఎప్పుడో పేల్చేసి అద్దాల మేడలు కట్టారు కనక, మా ఊరెక్కడని ఎవరన్నా అడిగితే ఇప్పుడు నాకే చెప్పడం రాదు.

ఆ గదివాళ్లు నెలకొక లిఖిత పత్రిక తెచ్చేవారు. చేత్తో రాసిన ఒకే ఒక్క ప్రతి. సభ్యుల్లో చదువు రానివాళ్లే ఎక్కువ కాబట్టి ఒక ఆదివారం సాయంత్రం అందరినీ కూర్చోబెట్టి మొదటి నుంచి చివరిదాకా గట్టిగా చదివి వినిపించేవారు. పత్రిక బాధ్యతంతా కార్యదర్శిది. ఆయన కోస్తా నుంచి ఉద్యోగానికి వచ్చి కూకట్‌పల్లిలో ఉండేవాడు. ఫ్యాక్టరీలో యంత్రాల బొమ్మలు గీసే పని. దస్తూరి చూస్తే కళ్లకద్దుకోవాలనిపించేది. రచనలు ఎలా ఉండాలో నియమాలు కూడా ఆయనే రాసి తలుపు పక్కన అతికించాడు.

అక్షరాలంత అందంగా నియమాలు లేవు. మొదటిది, ‘కాగితానికి ఒక పక్కనే రాయాలి’. ఫిట్టర్ ఒకాయన పాపం దాన్ని శ్రద్ధగా పాటించి, కాగితం మధ్యలో నిలువుగా గీత కొట్టి, ఎడమ పక్క మాత్రమే రాసుకొచ్చాడు. తిప్పి చూస్తే వెనక కూడా ఎడమ పక్కే. కార్యదర్శి తల పట్టుకుని, ఆ నియమం కింద ‘పక్క అనగా వైపు’ అని ఇంకో వాక్యం చేర్చాడు. దాంతో ఆ ఫిట్టర్ మరుసటి నెల కుడి వైపు రాసుకొచ్చాడు. నేను నవ్వు ఆపుకోలేక బయటికి పరుగెత్తాను.

నా గొడవ మూడో నియమంతో. ‘రచనలు మన భాషలోనే ఉండాలి. పరాయి మాటలు వాడరాదు.’ చదవడానికి ఎంత ముచ్చటగా ఉందో చూడండి. అక్కడ కూర్చునేవాళ్లలో సగం మంది చుట్టుపక్కల ఊళ్లవాళ్లు, సగం మంది కోస్తావాళ్లు. కొద్ది ఏళ్ల కిందటే గొడవలై బళ్లు మూతపడ్డాయి, మావాళ్లు మీవాళ్లు అనే మాటల వేడి ఇంకా చల్లారలేదు. ఆ గదిలో ‘మన’ అనే మాటను ఎవరికి వారు తమదే అనుకుని సంతోషంగా తలూపారు. ఈ మధ్య నన్నెవరో ఫోనులో ఒక రచయితల గుంపులో చేర్చారు. వాళ్ల నియమాల్లోనూ ‘మన శైలికి తగినట్టు’ అని ఉంది. ఎవరి శైలి బాబూ అని అడుగుదామనుకుని, మళ్లీ ఎందుకొచ్చిన తంటా అని ఊరుకున్నాను.

అప్పుడు మాత్రం ఊరుకునే వయసు కాదు. నేనూ ఒకటి రాసిచ్చాను. మా నాయిన సైకిలు నేర్చుకున్న కథ అది. ఫ్యాక్టరీలో పని దొరికాక, తల నెరిసే వయసులో, మా ఊరి బండల మీద ఆయన సైకిలు నేర్చుకున్నాడు. వెనక పట్టుకుని ఉరికింది నేనే. ‘ఇడువకు బిడ్డో, ఇడిస్తే సస్త!’ అని ఆయన అరిచిన అరుపుకు ఊరంతా బయటికొచ్చింది. పడ్డాడు, మోకాలు చిట్లింది, దవాఖానలో కట్టు కట్టించుకుని వచ్చి, సైకిలును గోడకు ఆనించి, ‘దీనికి నేనంటె గిట్టది’ అన్నాడు. తెల్లారి మళ్లీ ఎక్కాడు. ఇదంతా ఎలా జరిగిందో అలాగే, ఆయన ఎలా అన్నాడో అలాగే రాశాను.

రాసింది పత్రిక కోసం కాదు, నాయిన కోసం. ఆయనకు అక్షరం ముక్క రాదు. నన్ను కాలేజీకి పంపిస్తున్నందుకు ఊళ్లో పడని మాట లేదు. ‘ఆడిపిల్ల సదివి ఏం జేస్తది?’ అని ఎవరన్నా అంటే నవ్వి ఊరుకునేవాడు, కానీ ఆయన దగ్గర చూపించుకోవడానికి ఏమీ లేదు. నా పుస్తకాలు ఇంగ్లీషువి, నా పరీక్షలు ఆయనకు అర్థం కావు. ఒక్కసారి నా చదువు ఆయన చెవులకు వినబడాలని, అందులో ఆయనే ఉండాలని, నలుగురి మధ్య కూర్చుని విని పకపకా నవ్వాలని నా కోరిక. దేని గురించి రాశానో ఆయనకు చెప్పలేదు. నేనూ ఒకటి రాశాను, ఆదివారం చదువుతారు, రావాలని మాత్రం చెప్పాను.

కార్యదర్శి నా కాగితాలు రెండుసార్లు చదివి కళ్లజోడు తీశాడు.

“చాలా బావుందమ్మా. కానీ మూడో నియమం చూశావు కదా. మన భాషలో ఉండాలి.”

“గిది మన భాష కాదా సార్?”

“అలా కాదమ్మా. మన అంటే అందరిదీ. దవాఖాన, పరేషాన్, ఇవన్నీ పరాయి మాటలు కదండీ.” ఇబ్బంది పడ్డప్పుడు ఆయన చిన్నాపెద్దా లేకుండా అందరినీ అండి అనేసేవాడు.

“మా ఇంట్ల పుట్టినకాన్నుంచి అంటున్నం సార్. పరాయివి ఎట్లయితయి? మీరు డ్యూటీ అంటలేరా? బస్సు అంటలేరా?”

“అవి వాడుకలో కలిసిపోయాయండి.”

“ఇవి కలువలేదా?”

ఆయన కళ్లజోడు తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. తరవాత గొంతు తగ్గించి, “నేను ఇక్కడికొచ్చిన కొత్తలో నోరు తెరిస్తే ఫ్యాక్టరీలో అందరూ నవ్వేవాళ్లమ్మా. అండీ గారు అని పేరు పెట్టారు. రేపు నిన్ను చూసి, మీ నాన్నగారిని చూసి ఎవరూ నవ్వకూడదు. ఏమీ మార్చను. కాస్త దిద్దుతాను, అంతే” అన్నాడు.

ఆ మాటకు నా కోపం సగం దిగిపోయింది. పైగా దిద్దడం అంటే నాకు తెలిసింది బళ్లో దిద్దడమే. ఒత్తు మరిచిపోతే పెట్టడం, దీర్ఘం లేకపోతే ఇవ్వడం. అక్షర దోషాలేమన్నా ఉంటే చూస్తాడు కాబోలనుకుని, “మంచిది సార్” అని వచ్చేశాను. ఆయన దృష్టిలో దిద్దడం వేరని నాకెట్లా తెలుస్తుంది? గోడ మీద ఉన్నవాటికి తోడు మా ఇద్దరి మధ్య ‘కాస్త దిద్దుతాను’ అనే ఇంకో నియమం పుట్టిందని ఆదివారం దాకా తెలియలేదు.

ఆదివారం నాయిన పెళ్లిళ్లకు వేసుకునే చొక్కా వేసుకున్నాడు. తలకు నూనె రాసుకున్నాడు. మందిరంలో బెంచీ మీద కూర్చోమంటే ముందు వద్దని, తరవాత అంచున కూర్చున్నాడు. చదివిన తరవాతే రచయిత ఎవరో చెప్పాలని అక్కడొక పద్ధతి. పేరు చూసి మెచ్చుకోకూడదని. కార్యదర్శి చదవడం మొదలుపెట్టాడు. ముందు ఒక పాట, తరవాత ఎవరిదో తిరుపతి యాత్ర. నాయిన అన్నింటికీ తల ఊపుతూ కూర్చున్నాడు.

“‘సైకిలు’,” అన్నాడు కార్యదర్శి. “‘మా నాన్నగారు సైకిలు నేర్చుకుంటూ ఉంటే నేను వెనుక పట్టుకుని పరుగెత్తేదాన్ని.’”

నాన్నగారు! మా ఇంట్లో ఆ పేరుతో ఎవరూ లేరు. సరే, ఒక్క మాటే కదా అని ఓర్చుకున్నాను. బండలు పోయి ‘రాళ్ల దారి’ అయింది. దవాఖాన పోయి ఆసుపత్రి వచ్చింది. ఆసుపత్రి కూడా ఇంగ్లీషు నుంచి వచ్చిన మాటేనని ఎన్నో ఏళ్లకు తెలిసి ఒక్కదాన్నే నవ్వుకున్నాను గానీ, ఆ రోజు నవ్వే స్థితిలో లేను. నేను ఎదురుచూస్తున్నది ఆ అరుపు కోసం. అది వచ్చింది. “‘వదలకమ్మా, వదిలితే ప్రమాదం!’ అని నాన్నగారు హెచ్చరించారు.” హెచ్చరించారట. నాకు ఒళ్లు మండిపోయింది. లేచి ఆ కాగితాలు లాక్కోవాలనిపించింది. పక్కన నాయిన ఉన్నాడని బెంచీని గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.

నాయిన వైపు చూశాను. శ్రద్ధగా వింటున్నాడు. మోకాలి సంగతి వచ్చినప్పుడు నా చెవి దగ్గరికి వంగి, “పాపం, గా కతల సారుకు గూడ మోకాలే పలిగినట్టుంది” అన్నాడు. ‘దీనికి నేనంటె గిట్టది’ అన్నచోట ‘ఇది నా మాట వినడం లేదు’ అని ఉంది. ఎవరూ నవ్వలేదు. కార్యదర్శి కోరుకున్నది అదే కదా, ఎవరూ నవ్వలేదు. చివరన మర్యాదగా చప్పట్లు కొట్టారు. నాయిన కూడా కొట్టాడు. ఆ చప్పట్ల హడావిడిలో, ఇది ఫలానా అమ్మాయి రాసిందని కార్యదర్శి చెప్పిన మాట బెంచీల చివరిదాకా రాలేదు. ఆయన పేజీ తిప్పి తరవాతి రచన అందుకున్నాడు.

అదీ అయిపోయింది. అందరూ లేస్తున్నారు. కార్యదర్శి నవ్వుతూ మా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు, మెచ్చుకోలు వినడానికే అనుకుంటాను. ఆయన ముఖంలో కల్మషం లేదు, అదే నన్ను ఇంకా ఏడిపించింది. నాయిన మాత్రం లేవలేదు. చొక్కా సర్దుకుని అలాగే కూర్చున్నాడు.

“అందరు పోతున్నరేంది? నీదెప్పుడొస్తది బిడ్డా?”

“వచ్చిపోయింది నాయినా.”

నాయిన నన్ను చూశాడు, కార్యదర్శిని చూశాడు. తనవల్లే ఏదో తప్పు జరిగినట్టు ముఖం చిన్నబోయింది.

“ఎప్పుడొచ్చింది? నేను ఈడనే ఉన్న గద” అన్నాడు.